నా వ్యాను, నా ఇష్టం

ఏప్రిల్ 27, ఆదివారం. పుత్తూరు.

ఈ దినం నుంచి డైరీ రాస్తా. ఏంటికంటే ఒక తీర్మానం చేసినాను. రాసి పెట్టుకోకపోతే మాట మీద నిలబడేవాణ్ణి కాదని నాకే తెలుసు.

నేను పుత్తూరు నుంచి శ్రీ సిటీకి వ్యాను తోల్తా. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడోళ్ళను పొద్దున తీసకపోయి సాయంత్రం తీసకొస్తా. మా ఇంటామె నిస్సీ కూడా వాళ్ళల్లో ఒకతి. ఆ వ్యాన్లోనే, వెనక సీట్లో కూచున్న పిల్లను అద్దంలో చూసి చూసి పెండ్లి చేసుకున్నాను. కాబట్టి ఆ వ్యాను అంటే నాకు ఊరికే బండి కాదు.

ఇంజనుకేం రోగం లేదు. లోపలే గబ్బు. డోర్ ప్యాడ్లు పగిలి లోపలి రేకు బయటికొచ్చింది. పైన టాపు గుడ్డ జారి గబ్బిలం మాదిరి వేలాడతా ఉండాది. నిన్న వ్యాన్లో వచ్చే మహిత చున్నీ ఆ రేకుకు తగులుకోని పర్రున చినిగింది. కొత్త చున్నీ. ఆ పిల్ల ఏడ్చింది.

కోమలక్క ఊరుకుంటాదా! అందర్లోకీ పెద్ద గొంతు ఆమెదే. "జోయలన్నా, లోపల బాగు చేయిస్తావా, మమ్మల్ని భానుచందర్ వ్యాన్లోకి పొమ్మంటావా?" అనింది.

భానుచందర్‌ది కూడా ఇదే రూటు. వాని వ్యాన్లో ఏసీ. లోపల నీలం లైట్లు. వాని మీసం చూస్తేనే నాకు మండుతాది.

"చేయిస్తాను కా. తలుపుల కాడ్నుంచి టాపు దాకా అంతా కొత్తదే!" అన్నాను. పని అయ్యేదాకా వాళ్ళను భానుచందర్ వ్యాన్లో పంపేదానికి నేనే పోయి వాణ్ణి అడగాల్సొచ్చింది. వాడు మీసం దువ్వుకుంటా ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చినాక నిస్సీ అడిగింది. "రంగు ఎంచేదెవురు?"

"నేనే."

"నువ్వా! నీ బుర్ర తలుపుల్లేని బస్టాండబ్బా. ఎవురైనా వచ్చి కూచోని పోవచ్చు."

రోషమొచ్చింది. నిజమే, పెండ్లి చొక్కా ఏ రంగు కొనాలని వీధంతా అడిగి, ఆఖర్న మా బామ్మర్ది చొక్కా తొడుక్కోని నిలబడినాను. అది అప్పుడు.

తీర్మానం:
ఎవుర్నీ అడగను. నా వ్యాను, నా ఇష్టం.
ఒకసారి ఎంచినాక మార్చేది లే.
డైరీలో అబద్ధం రాయను.

ఏప్రిల్ 28. తిరుపతి.

రేణిగుంట రోడ్డులో వరదయ్య సీట్ల అంగడి. వ్యాను ఆడ పెట్టేసినాను. ఆయన రెగ్జిన్ ముక్కల పుస్తకం ఒకటి నా ముందర పడేసినాడు. పెండ్లి ఆల్బమ్ అంత లావు. మెరిసే నలుపు. మెరవని నలుపు. గీతల నలుపు. మొసలి తోలు మాదిరి నలుపు. ఇన్ని నలుపులు దేవుడు కూడా చేసుండడు!

ఏది ముట్టుకున్నా వరదయ్యది ఒకటే మాట. "ఇదే టాప్ అన్నా." నేను అడగలేదు. ఆయనే అన్నాడు. లెక్కలోకి రాదు.

టీ చల్లారే లోపల తేల్చేసినాను! మెరిసే నల్ల రెగ్జిన్, ఎర్ర దారం కుట్టు.

వరదయ్య నా మొగం చూసినాడు. "ఇంట్లో ఒక మాట అడగవా?"

"మా ఇంట్లో మొగోణ్ణి నేను" అన్నాను.

ఈ మాట నిస్సీకి చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదు.

ఏప్రిల్ 29.

వ్యాను చూసేదానికి తిరుపతికి పోయి, నల్ల ముక్క జేబులో పెట్టుకోని బస్సులో వస్తా ఉన్నా. టికెట్టుకు చెయ్యి పెడితే ముక్క బయటికొచ్చింది. కండక్టరు చూసినాడు. నేను అడగలేదు! ఆయనే "ఏందప్పా అది?" అన్నాడు. చెప్పినాను. మర్యాదకు.

"వ్యానుకు నల్లదా? ఈ ఎండల్లోనా? తలుపు మీద దోసె పోసుకోవచ్చు."

బస్సంతా నవ్వింది. ముందర సీట్లో ఒక పెద్దాయన దోసెకు పిండి కూడా నేనే తేవాల్నా అని అడిగినాడు.

ఇంటికి పోయి ముక్కను మిద్దె మీద ఎండలో పెట్టినాను. రొంతసేపాగి మోచెయ్యి ఆనించి చూసినాను. బొబ్బ.

వరదయ్యకు ఫోన్ చేసి క్రీమ్ కలరని చెప్పినాను. ఇది మార్చడం కాదు. దిద్దుకోవడం.

ఏప్రిల్ 30.

మళ్ళా తిరుపతి. క్రీమ్ బాగుండాది. ఇల్లు మాదిరి, పాలు మాదిరి. ఇదే ఖాయం.

సాయంత్రం బస్టాండులో ఒక కుటుంబం నా పక్కన కూచుండిరి. కొండ దిగి వచ్చినోళ్ళు, అందరివీ గుండ్లే. తాతది, కొడుకుది, కోడలిది, చంకలో పిల్లోడిది. గుండ్ల మీద గంధం. బస్సు రాలేదు. ఊరికే కూచోలేక క్రీమ్ ముక్క తీసి చూసుకుంటా ఉన్నా. తాత తొంగి చూసినాడు.

"మా కారుకు ఇదే వేయించినాం బాబూ. నెల తిరిగేసరికి ఎవరు ఎక్కడ తల ఆనించారో నూనె మచ్చను బట్టి చెప్పేయొచ్చు." ఆయన గుండు తడుముకున్నాడు. "ఇప్పుడైతే మాకు బాధ లేదనుకోండి."

నా వ్యాన్లో అందరూ ఆడోళ్ళు. అందరికీ జడలు. అందరికీ కొబ్బరినూనె.

క్రీమ్ పోయింది.

మే 2.

చెక్క! వుడ్ ఫినిష్! దీనికి ఎండా లే, నూనే లే. పైకి చెక్క గీతలుండే మైకా, లోపల ప్లైవుడ్. గుడ్డేసి తుడిస్తే అద్దం. తలుపులకు నాలుగిటికీ కోసేయమన్నాను. వరదయ్య కోసేసినాడు. ఇంక మార్చను కూడా మార్చలేను, భలే అయింది!

నగరి నుంచి మామ ఫోన్ చేసినాడు. మామ మునెయ్యకు నగరిలో పవర్‌లూమ్ ఉండాది. లుంగీలు నేస్తాడు. "అల్లుడూ, తలుపులకు మా మగ్గం గుడ్డ వేస్తే ఎట్లుంటాది? మందం గుడ్డ నేసిస్తా. వేడి తగలదు, ఉతుక్కోవచ్చు."

నా వ్యానుకు లుంగీ కడతాడంట! నవ్వి పెట్టేసినాను.

ఇంట్లో నిస్సీ: "భానుచందర్ వ్యాన్లో ఎంత చల్లగా ఉండాదో తెల్సా? వాడు పాటలు కూడా మనమడిగిందే పెడతాడు."

అన్నం సయించలేదు.

మే 4, ఆదివారం.

తలుపులకు చెక్క. మరి టాపుకు? బూడిద రంగా, బిస్కెట్ రంగా? మనుషుల్ని అడగనన్నాను గానీ దేవుణ్ణి అడగనని అన్లేదు. చర్చిలో మోకాళ్ళ మీద పడి గుర్తు చూపించు ప్రభువా అని వేడుకున్నాను. కండ్లు తెరిస్తే పాస్టరయ్య ఎదురుగా నిలబడుండాడు. చొక్కా మీద బూడిద రంగు గీతలు. మధ్యలో బిస్కెట్ రంగు గీతలు.

ఇంక ఆయన్నే అడగాల్సొచ్చింది. గుర్తుకు అర్థం అడగడం సలహా అడగడం కాదు.

"అయ్యగారూ, బిస్కెట్టా, బూడిదా?"

ఆయన అర్థం కాక నా వైపు చూసినాడు. తర్వాత వ్యాను సంగతి చెప్పినాను. ఆయన కండ్లు మూసి తెరిచి, "వెల్వెట్ వేయించు జోయల్. మా బామ్మర్ది కారుకుంది. మెరూన్" అన్నాడు.

మే 6.

మెరూన్ వెల్వెట్ టాపు, చెక్క తలుపులు. డ్యాష్‌బోర్డుకు మెరిసే కార్బన్ స్టికర్. (ఇది పక్క అంగడోని మాట. వాడు నా భుజం మీద చెయ్యేసి చెప్పినాడు. తోసేస్తే బాగుండదు.)

వరదయ్య కత్తెర కింద పెట్టేసినాడు. "అన్నా, మీ పుత్తూర్లో విరిగిన ఎముకలకు కట్టు కడతారు కదా. పోయి నోటికొక కట్టు కట్టించుకోని రా. అంతవరకూ నేను పని ముట్టను."

ఇదే చివరి మాట అని ఒట్టేసినాను. అందరూ తొందర పెడతా ఉండారు, జిగురు రెండు దినాలు ఆరాలంటాడు ఆయన. ఒక దినం చాల్లే అన్నాను నేను.

తీర్మానం ఎట్లుండాదంటే, ఉండాది. రొంత వంగింది అంతే.

మే 8.

వ్యాను వచ్చింది!! తలుపు తీస్తే కల్యాణమండపం! పెండ్లికూతురొకటే తక్కువ!

వీధోళ్ళంతా వచ్చి చూసి పోయినారు. నిస్సీ కూడా చూసింది. చెక్క తలుపు మీద వేలితో టకటకా కొట్టింది. ఏమీ అన్లేదు. లోపలికి పోయి చెనక్కాయలు ఒలుచుకుంటా కూచునింది.

కుళ్ళు అనుకున్నాను.

మే 9.

ఏం రాయాలో తెలీడంలే. జరిగింది జరిగినట్లు రాస్తా.

పొద్దున అందరూ ఎక్కినారు. జిగురు వాసన. నాగలాపురం దాటేసరికి కోమలక్క కిటికీ బయటికి తల పెట్టి కక్కుకునింది. కొత్త వాసనలే కా, రెండు దినాల్లో పోతాది అన్నాను.

పగలంతా వ్యాను ఫ్యాక్టరీ బయట ఎండలో నిలబడింది. సాయంత్రం అందర్నీ ఎక్కించుకోని బయల్దేరినాను. సత్యవేడు దాటినాక వెనక మహిత కేకేసింది. అద్దంలో చూస్తే మనుషుల్లేరు. మెరూన్ రంగు గుట్ట ఒకటి కదలతా ఉండాది. టాపు ఊడి అందరి మీదా పడింది!

నవ్వొచ్చింది నాకు. అంతలో ముందర భాగం కూడా ఊడి నా తల మీద పడింది. రోడ్డు లే. కండ్లు లే. అంతా వెల్వెట్. బ్రేకు తొక్కినాను. బండి రోడ్డు దిగి కంపచెట్లల్లోకి పోయి ఆగింది.

గుడ్డ లాగి పారేసి వెనక్కి పోయినాను. క్యాంటీన్లో వంటచేసే సిద్ధమ్మత్త కిటికీ పక్కన వంగిపోయి ఉండాది. తల పోయి చెక్క తలుపుకు కొట్టుకునింది. ఆమె ఒళ్ళో పడిన గుడ్డ తడిగా ఉంటే ఏందో అనుకున్నాను. మెరూన్ మీద రక్తం కనపడలేదు. నా చేతికి అంటినాక తెలిసింది.

వెనకే వస్తా ఉన్న భానుచందర్ వ్యాను ఆపినాడు. సిద్ధమ్మత్తను ఎత్తి పడుకోబెట్టినాడు. అందరూ ఎక్కినారు. నిస్సీ అత్త తలను ఒళ్ళో పెట్టుకోని కూచునింది. నన్ను చూడలేదు.

నేను కంపచెట్లల్లో నిలబడినాను. భుజం మీద ఇంకా ఆ గుడ్డ ఉండాది.

మే 10.

సిద్ధమ్మత్తకు నుదుటి మీద కుట్లు పడినాయి. ప్రాణానికి భయం లేదన్నారు. అరటిపండ్లు తీసకపోయినాను. ఆమె మంచం మీద కూచోని నాకే కాఫీ ఇప్పించింది. గ్లాసు కింద పెట్టినాను.

"తప్పైపోయిందత్తా."

"బండన్నాక జరగతాది రా. తాగు."

తిట్టుంటే బాగుండు.

తిట్టేదానికి ఇంట్లో నిస్సీ ఉండాది కదా. ఎవురెవురు ఏమన్నారో రాత్రే ఆమెకు చెప్పేసినాను.

"రంగు ఎవుర్నీ అడగనంటివి" అనింది నిస్సీ. "మరి కండక్టర్ని అడిగినావు. కొండ దిగొచ్చిన గుండోళ్ళను అడిగినావు. పాస్టరయ్యను అడిగినావు. పక్కంగడోన్ని అడిగినావు."

"నేను అడగలేదు, వాళ్ళే..."

"పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర ఆ తలుపుకు తల ఆనించి నిద్రపోయేది ఎవురబ్బా? నేను. అత్త. మహిత. గుంత వచ్చినప్పుడల్లా మా తల టంగుమని కొట్టుకుంటాది. మెత్తగా ఏదైనా వేస్తాడేమో అని చూసినా. చెక్క తెచ్చినావు. అది చూసి కూడా నోరు తెరవలేదు నేను. ఏంటికో తెల్సా? ఊర్లో అందర్నీ అడిగినోడు పెండ్లాన్ని అడగలేదని రోషం. ఆ రోషంతో గమ్మునున్నా. ఇప్పుడు అత్త నుదురు పగిలింది. నాది కూడా తప్పే."

అట్లని ఆమె ఏడ్చింది. పెండ్లయినాక నిస్సీ ఏడ్చింది చూడటం ఇదే మొదలు.

మే 12.

ఏమీ చేయలే. మామిడికాయలు తిన్నాను. వ్యానును ఇంటి ముందుకు ఈడ్పించినారు. లోపల కుప్పగా పడుండే వెల్వెట్ మీద ఎవురిదో కోడి గుడ్డు పెట్టింది.

అమ్మేద్దామా? ఎవుర్నైనా అడగాల.

మే 13.

భానుచందర్ వచ్చినాడు. ఎగతాళి చేస్తాడని ఒళ్ళు బిగబట్టుకున్నాను. వాడు వ్యాను చుట్టూ తిరిగి, "ఆ మెరూన్ గుడ్డ ఇస్తావా జోయలూ? మా చెల్లెలి పెండ్లికి స్టేజి వెనక కట్టుకుంటాం" అన్నాడు.

రక్తం అంటిన కాడ కత్తిరించి మిగతాది ఇచ్చేసినాను. కోడి మాత్రం ఒప్పుకోలేదు. వాని చెయ్యి పొడిచింది. ఆ కోడంటే నాకు గౌరవం.

పోతా పోతా అన్నాడు: "నీ వాళ్ళు నా బండిలో ఉండారు గానీ, నీ గురించే మాటాడుకుంటారప్పా. తిట్లే అనుకో. అయినా నీ గురించే."

మే 14.

సాయంత్రం భానుచందర్ వ్యాను వచ్చే టయానికి పుత్తూరు బస్టాండులో నిలబడినాను. తీర్మానం సచ్చిపోయింది. దానికి నేనే దండం పెట్టి పంపించినాను. దిగిన ప్రతి ఒక్కరినీ ఆపి అడిగినాను, లోపల ఏం కావాలని. రంగు కాదు. ఏం కావాల?

మహిత: "బట్టలు తగులుకునే అంచు ఉండకూడదన్నా. ఇంకేమొద్దు."

కోమలక్క: "జిగురు వాసన వస్తే నేను ఎక్కను. అసలు ఎక్కుతానో లేదో కూడా చెప్పలేను."

నుదుటి కట్టుతో ఇంట్లో ఉండే సిద్ధమ్మత్త దగ్గరికి పోయి అడిగితే: "తల ఆనే కాడ మెత్తగా. నా చమట నాకే కంపు, ఉతికేదానికి రావాల."

ఆఖర్న నిస్సీని అడిగినాను. వంటింట్లో. రోట్లో చెనక్కాయల పచ్చడి, ఊరిబిండి, నూరతా ఉండాది. ఆమె నూరేది ఆపి నా వైపు తిరిగింది.

"వేడెక్కనిది. మెత్తది. ఉతికేది. జిగురు లేకుండా గుండీలతో బిగించేది." మళ్ళా నూరడం మొదలుపెట్టింది. "అదేందో నీకు మా నాయన ఎప్పుడో చెప్పినాడు. నువ్వు నవ్వి ఫోన్ పెట్టేసినావు."

మే 15.

మామకు ఫోన్ చేసినాను. నేను నోరు తెరిచే లోపల ఆయనే అడిగినాడు. "గుడ్డ ఎన్ని గజాలు కావాల అల్లుడూ?"

ఆ పొద్దు నవ్వి పెట్టేసినందుకు తప్పైపోయింది మామా అన్నాను.

మే 19.

వ్యాను మళ్ళా వరదయ్య అంగడికి తెచ్చినాను. మామ నగరి నుంచి మోపెడ్ మీద గుడ్డ కట్ట పెట్టుకోని నేరుగా తిరుపతికే వచ్చినాడు. మందం నూలు. నీలం, ఆకుపచ్చ, తెలుపు గళ్ళు. దాపరికమేముండాది, లుంగీనే. అచ్చమైన లుంగీ గళ్ళే!

మైకా మీద స్పాంజి పెట్టి, పైన గుడ్డ తొడుగు. గుండీలు విప్పితే చేతికొస్తాది. టాపుకు పల్చని ప్లైవుడ్, స్క్రూలతో. ఒక్క చుక్క జిగురు లే. మామ, వరదయ్య కలిసి తలుపు కొలతల మీద పోట్లాడుకున్నారు. కొలతలు రెండు సార్లు తప్పినారు, ఇద్దరూ. నేను నోరెత్తలేదు. టీలు తెచ్చినాను.

మొదటి తొడుగు ఎక్కించినాక మామ తలుపుకు చెంప ఆనించి చూసినాడు. ఆ పక్క వరదయ్య కూడా ఆనించినాడు. ఇద్దరు ముసలోళ్ళు చెరొక తలుపుకూ చెంపలానించి కండ్లు మూసుకోని ఉంటే నేను ఫోటో తీసినాను. నిస్సీకి పంపినాను. నవ్వే బొమ్మ ఒకటి తిరిగొచ్చింది. మే 9 తర్వాత ఇదే మొదటిది.

మే 23.

తోలినాను.

బస్టాండులో ఎవడో "లుంగీ వ్యాను!" అని కేకేసినాడు. ఇంక ఆ పేరు పోదు. పోనీ.

కోమలక్క రాలేదు. "ఏసీ ఏసీనే కదన్నా. చలికాలంలో చూద్దాం" అనింది. మొగం మీద చెప్పింది, మంచిదే. ఇంకొకామె కూడా ఆడే ఉండిపోయింది. మిగతా వాళ్ళు వచ్చినారు.

సిద్ధమ్మత్త మొదట ఎక్కింది. ఈ దినమే ఆమెకు మళ్ళా డ్యూటీ. నుదుటి మీద మచ్చ ఎర్రగా ఉండాది. కూచునే ముందు తలుపును అరచేత్తో నొక్కి చూసింది. మళ్ళా నొక్కింది. కట్టు విప్పిన నుదురు ఆ గళ్ళ గుడ్డకు ఆనించింది.

నారాయణవనం రాకముందే గురక.

అద్దంలో చూసినాను. మహిత నిద్ర. నిస్సీ నిద్ర, నోరు రొంత తెరిచి. అందరూ నిద్ర. ఇన్ని దినాలు నేను సచ్చి సున్నమై ఎంచిన రంగులూ గీతలూ మెరుపులూ ఒక్కటి కూడా ఎవురూ చూడలేదు. గుంత వచ్చింది. వ్యాను ఎగిరింది. తలలు ఎగిరి మళ్ళా మెత్తగా ఆనుకున్నాయి. ఒక్కరూ లేవలే.

నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. దుమ్ము అనుకో.

మే 25, ఆదివారం.

డ్యాష్‌బోర్డు మిగిలింది. కార్బన్ స్టికర్ ఎండకు అప్పడం మాదిరి లేచిపోయింది. పీకేసినాను.

ఆలోచించినాను. తలుపులు వాళ్ళవి, టాపు వాళ్ళది. డ్యాష్‌బోర్డు ఎవురిది? దానికి ఎవురూ తల ఆనించరు. దాన్ని చూసేది నేనొక్కన్నే. కాబట్టి ఇది న్యాయంగా నాది.

తీర్మానం, కొత్తది:
డ్యాష్‌బోర్డు రంగు నేనే ఎంచతా. ఎవుర్నీ అడగను.
మెరవని బూడిద రంగు. ఖాయం!
రేపే వరదయ్య తావ పోతా.

సాయంత్రం.

నిస్సీ బట్టలు మడత పెడతా అనింది: "ముందర కోమలక్క సీటు ఖాళీగానే ఉండాది కదా. రేపట్నుంచి నేను ముందర నీ పక్కన కూచుంటా."

అంటే డ్యాష్‌బోర్డును ఇంక చూసేది ఇద్దరం.

ఏ రంగు కావాలని నేను అడగలేదు. ఆమె ఇంకా బట్టలు మడత పెడతానే ఉండాది. అడగలేదు. ఇంకో నాలుగు చీరలు ఉండాయి.